అప్పును మరపించు మందు

పంట పోయిన యేట మా సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యుల ముఖములు చూచినచో, ఎవడు నిద్రలేక యున్నాడో, ఎవడు త్రాగి నిద్రించినాడో మాకు తెలియుచుండును. ఇద్దరి బాధయు నొక్కటియే. మొదటివాడు గడువు పొడిగింపుమని యడుగును. రెండవవాడు కొన్నాళ్లకు వచ్చుటయే మానివేయును.

ఈ రెండవవానిని దుర్మార్గుడని తిట్టుట సులభము. మేమును పూర్వమట్లే తిట్టితిమి. 2021లో నల్లతామర పురుగు మిరపతోటలను పాడుచేసినపుడు, ఐదెకరములు కౌలునకు చేసిన మా సభ్యుడొకడు పెట్టుబడి యంతయు పోగొట్టుకొనెను. మొదట సంతనాడు మాత్రము త్రాగెడివాడు. "ఆ రెండు గడియలు అప్పు గుర్తు రాదండీ" యని మాతో ననెను. అది నిజమే, కాని వడ్డీకి మరపు లేదుగదా! తెల్లవారునప్పటికి పాత యప్పునకు దుకాణపు బాకీ తోడయ్యెను. రెంటిని మరచుటకు మరికొంత త్రాగవలసివచ్చెను. రాత్రివేళ విద్యుత్తు వచ్చినను మోటారు వేయుటకు లేవడయ్యెను. మరుసటి పైరు పురుగువలన గాక, చూచువారు లేక యెండెను.

పురుగునకు కొట్టునది మందే, రోగి కిచ్చునది మందే, దుకాణమున నమ్మునదియు మందే. ఈ మూడవదాని కాపేరు పెట్టినవారెవరో గాని మోసమంతయు నందే యున్నది. మద్యము మెదడును మందగింపజేయును. ప్రతిదినము త్రాగినచో మెదడు దాని కెదురొడ్డి తన యుద్రేకమును పెంచుకొనును. అందుచే నిన్నటి కొలత నేడు చాలదు. త్రాగనినాడు చేతులు వణకును, చెమట పట్టును, కారణము లేని భయము కలుగును. ఒక్క గ్రుక్కతో వణకు తగ్గును గావున నదియే ఔషధమని వాడు నమ్మును. ఆ భయమును పుట్టించినదియు నదియేయని యెరుగడు.

ఇచట పెద్దలకొక హెచ్చరిక. చాలకాలము అధికముగా త్రాగినవానిచే దేవునియెదుట ఒట్టు వేయించి, ఇంట బంధించి, ఒక్కసారిగా మాన్పించుట ప్రమాదము. మొదటి మూడు నాలుగు దినములలో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణమే పోవచ్చును. ఆసుపత్రికి గొనిపోవలెను. 14416 సంఖ్యకు ఫోను చేసినచో ఖర్చు లేకుండ తెలుగులోనే సలహా చెప్పుదురు. పురుగుమందు డబ్బాలు పెట్టెలో నుంచి తాళపుచెవి ఇల్లాలి యొద్ద నుండవలెను. త్రాగినవేళ దురాలోచన వచ్చినచో వెనుకకు లాగు వివేక ముండదు.

1992లో నెల్లూరు జిల్లాయందలి దూబగుంట స్త్రీలు, రాత్రిబడిలో చదివిన పాఠముచే మేల్కొని, సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1న సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. రెండవది 1997లో సడలింపబడెను. దుకాణము మరల తెరచినారు. నాడు కూలిసొమ్ము ఇల్లు చేరలేదని స్త్రీలు చెప్పిన లెక్క మాత్రము నేటికిని మా ఖాతాలలో కనబడుచునే యున్నది.

మా సభ్యుని సంగతి. వాని భార్య యొకనాడు తానే వచ్చి, "నోటీసు పంపకుడు, మనిషిని పంపుడు" అనెను. ఇద్దరు సభ్యులు వెంటబోయి జిల్లా ఆసుపత్రిలో చేర్చిరి. తరువాత రెండుమారులు మరల త్రాగెను, రెండుమారులును తీసికొనిపోయిరి. అతని యనుమతితోనే ఋణమును విత్తనములు, ఎరువుల రూపమున నిచ్చితిమి. అప్పింకను తీరలేదు. గడచిన నెలలో అతడు కార్యాలయమునకు వచ్చి, బల్లమీద చేతులుంచి, గడువు పొడిగింపుమని యడిగెను. పొడిగించితిమి.