వేడికి మోసపోని పీడన సెన్సర్
గ్యాస్ టర్బైన్ల నుంచి వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి ఇప్పుడు ఇంధనాన్ని ఎక్కువ గాలితో ముందే కలిపి పలచగా మండిస్తున్నారు. పలచటి మంటకు నిలకడ తక్కువ. దాని ఊగిసలాట దహన గదిలోని పీడనపు అలలతో జత కలిసిందంటే, సెకనుకు వందలసార్లు పడే ఆ తాకిడికి లోపలి భాగాలు పగుళ్లిస్తాయి. ఆ అలలను పుట్టిన చోటే పసిగట్టాలంటే సెన్సర్ మంటకు దగ్గరగా ఉండాలి. కార్లలో, ఫ్యాక్టరీల్లో వాడే మామూలు సిలికాన్ సెన్సర్ అక్కడ నిలవదు. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటాక అందులో విద్యుత్తు లీకవడం మొదలవుతుంది. 600 దాటితే సిలికాన్ పొరే మెత్తబడి, ఒంగింది ఒంగినట్టే ఉండిపోతుంది. అల్యూమినా అనే సిరామిక్ అయితే 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. దాంతో సమస్య తీరిపోయిందనుకుంటే పొరపాటే. కరగకపోవడం ఇందులో చిన్న సంగతి. వేడి తెచ్చే మార్పునూ పీడనం తెచ్చే మార్పునూ విడదీయడమే అసలు పని.

అల్యూమినా సెన్సర్ లోపలికి చూస్తే ఇది తెలుస్తుంది. రెండు అల్యూమినా పలకల మధ్య సన్నటి ఖాళీ, ఎదురెదురుగా ప్లాటినం పూతలు. పై పలక డప్పు చర్మంలా పలచగా ఉంటుంది. పీడనం నొక్కితే అది లోపలికి ఒంగుతుంది, పూతలు దగ్గరవుతాయి, వాటి కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిల్వ చేసే సామర్థ్యం, పెరుగుతుంది. కానీ డప్పును మంట దగ్గర కాచినా మోత మారుతుంది కదా, ఇక్కడా అంతే. వేడెక్కితే అల్యూమినా విద్యుత్ గుణమే మారి, పీడనం లేకుండానే కెపాసిటెన్స్ పెరుగుతుంది. ఖాళీలో కాస్త గాలి చిక్కుకుందా, 27 డిగ్రీల నుంచి 927 డిగ్రీలకు వెళ్లేసరికి దాని పీడనం నాలుగు రెట్లవుతుంది. లోపలి నుంచి పలకను ఎదురు తోస్తుంది. అందుకే ఆ ఖాళీని శూన్యం చేసి మూయాలి. పక్కనే, మందపాటి మూత వల్ల పీడనం తగలని మరో గదిని పెట్టాలి. అది వేడిని మాత్రమే చెబుతుంది, దాన్ని తీసేస్తే మిగిలేది పీడనం. పలకలను అంటించడానికి వేరే జిగురు వాడితే రెండు పదార్థాలూ రెండు తీర్లుగా వ్యాకోచించి అతుకు దగ్గర చీలుతాయి. ఇంకా కాల్చని పచ్చి అల్యూమినా రేకులనే పేర్చి, నొక్కి, 1,600 డిగ్రీల దగ్గర ఒకే ముద్దగా కాల్చడం నాకు సరైన దారిగా కనిపిస్తుంది.

ఇంత శ్రమ దేనికి, ఒక గొట్టం పెట్టి సెన్సర్‌ను చల్లటి చోటికి జరపవచ్చు కదా అని అడగవచ్చు. నిలకడైన పీడనానికి ఆ పద్ధతి చాలు, చాలాచోట్ల వాడుతున్నారు కూడా. కానీ వేగంగా మారే అలలు గొట్టంలో కొన్ని సన్నగిల్లుతాయి, కొన్ని గొట్టం సొంత ప్రతిధ్వనితో ఉబ్బిపోతాయి. మనం చూసేది మంట పీడనమా, గొట్టం పీడనమా అన్నది తేలదు. నీళ్లతో చల్లబరిస్తే బరువు పెరుగుతుంది, పైగా నీళ్లాగిన రోజు సెన్సర్ పోతుంది. అల్యూమినాకు బదులు సిలికాన్ కార్బైడ్ వాడవచ్చు కదా అంటే, ఆ అభ్యంతరంలో బలముంది. నాసా గ్లెన్ పరిశోధన కేంద్రం దానితో 800 డిగ్రీల వద్ద పనిచేసే సెన్సర్లను చూపింది. అయితే అక్కడ కూడా చిప్ కంటే దానికి అతికిన లోహపు తీగలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

తీగలనే తీసేయవచ్చు. సెన్సర్ పక్కన ఒక చుట్టను (కాయిల్‌ను) ముద్రిస్తే, ఆ రెండూ కలిసి ఒక పౌనఃపున్యం వద్ద స్పందిస్తాయి. పీడనం మారితే ఆ పౌనఃపున్యం జరుగుతుంది, దాన్ని బయటి యాంటెన్నా చదువుతుంది. వేడి చోట బ్యాటరీ, చిప్ ఏవీ ఉండవు. 2002లో జార్జియా టెక్ పరిశోధకులు ఇలాంటి సిరామిక్ సెన్సర్‌ను 400 డిగ్రీల వరకు చదివి చూపారు. వేడి పెరిగేకొద్దీ సంకేతం మొద్దుబారడం, యాంటెన్నాను దగ్గరగా పెట్టాల్సి రావడం దీని లోపాలు. అయినా ఎన్ని డిగ్రీల దాకా బతికిందన్న ఒక్క అంకెతో సెన్సర్‌కు విలువ కట్టకూడదు. 1,000 గంటలు వేడిలో ఉంచి తీశాక, పీడనం లేనప్పుడు అది చూపే సున్నా ఎంత జరిగిందో తయారీదారులు ముందు చెప్పాలి.