బిందె కిటుకే హైడ్రాకీ!

ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం ఎప్పుడైనా వెళ్ళారా? 2008లో అక్కడ కొత్త పోర్టు మొదలయ్యాక ఆ దారంతా లారీలూ, క్రేన్లూనూ. వాటిలో పొడవాటి తొండం ముందుకు చాచుకుని నడిచే బండినే మనవాళ్ళు 'హైడ్రా' అంటారు.

డ్రైవరు చేతికందేలా కొన్ని లీవర్లుంటాయి. ఒకటి తొండాన్ని ఎత్తి దించడానికి, ఇంకొకటి చాచి ముడవడానికి, మరొకటి కొక్కెం తాడు లాగడానికి. లీవరు కదిపితే పంపు నెట్టిన నూనె సిలిండర్లోకి పోతుంది. టన్నుల బరువును లేపేది ఆ నూనె ఒత్తిడే!

నీళ్ళ బిందె చంకనుంటే చకచకా నడిచేస్తాం. అదే చెయ్యి చాచి పట్టుకోమంటే? హైడ్రాకీ అంతేనండీ. 14 టన్నుల బండి ఆ 14 టన్నులూ మోసేది బరువు బాగా దగ్గరగా ఉన్నప్పుడే. తొండం చాచేకొద్దీ మోసే శక్తి తగ్గుతుంది. అది మరిచి ఎత్తబోతే బండే ముందుకు ఒరిగిపోతుంది.

ఇక స్టీరింగు. పెద్ద క్రేన్లకి మల్లే దీని తొండం పక్కకి తిరగదు. బరువు జరగాలంటే బండే తిరగాలి. పాత రకాల్లో తిరిగేవి వెనక చక్రాలు. ముందుభాగం ఎడమకి మళ్ళితే తోక కుడికి విసురుగా వస్తుంది. వేలాడే సామానూ ఊగుతుంది. అందుకే తెలిసిన డ్రైవరు బరువును నేలకు దగ్గరగా ఉంచి, నత్తనడకన తిప్పుతాడు.

మీ వీధిలోకి ట్రాన్స్‌ఫార్మరు దింపడానికో, వినాయకుణ్ణి ఎత్తడానికో హైడ్రా వస్తే పిల్లల్ని ముందునుంచే కాదు, వెనకనుంచీ దూరంగా లాగండి. పైన కరెంటు తీగలుంటే బండిని ముట్టుకోనివ్వకండి. పెద్ద లైనైతే తొండం తగలక్కర్లేదు, బాగా దగ్గరికెళ్ళినా చాలు!