గ్రంథాలయ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలి?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ జిల్లా గ్రంథాలయం 2005లో తన వెబ్‌సైట్‌ను డ్రూపల్ మీదికి మార్చింది. డ్రీస్ బైటార్ట్ అనే బెల్జియం యువకుడు 2001లో విడుదల చేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. 2007కల్లా ఆ సైట్ కేటలాగులోనే పాఠకులు పుస్తకాలకు రేటింగ్ ఇచ్చే, సమీక్షలు రాసే వీలు వచ్చింది. ఆ సౌకర్యాన్ని ఏ కంపెనీయో అమ్మలేదు. గ్రంథాలయంలో పనిచేసే ప్రోగ్రామర్ జాన్ బ్లైబర్గ్ రాశాడు. డ్రూపల్ కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి, దానికి కొత్త భాగం తగిలించడానికి ఆయన ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేకపోయింది.

ఓపెన్ సోర్స్ అనగానే మనవాళ్లు ముందు చెప్పే మాట ‘ఉచితం’. నా దృష్టిలో అది ఈ వాదనలో అన్నిటికన్నా బలహీనమైన ముక్క. డ్రూపల్‌కైనా, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్‌కైనా లైసెన్సు రుసుము లేని మాట నిజమే. కానీ సర్వర్ అద్దె, బ్యాకప్, అప్‌డేట్లు, వాటిని చూసుకునే మనిషి జీతం ఎక్కడికీ పోవు. అసలు లాభం వేరే చోట ఉంది. ఈ తరహా సాఫ్ట్‌వేర్‌లో రాసిన విషయం డేటాబేస్‌లో ఉంటుంది, పేజీ ఎలా కనిపించాలన్నది థీమ్ చూసుకుంటుంది. రేపు సెలవని చెప్పాలంటే లైబ్రేరియన్ లాగిన్ అయి, నాలుగు మాటలు టైపు చేసి, ‘పబ్లిష్’ నొక్కితే చాలు. సైట్ చేసిచ్చిన కుర్రాడికి ఫోన్ చేసి, వాడు ఎత్తేదాకా ఎదురుచూడక్కర్లేదు. ఎవరు రాయవచ్చు, ఎవరు సరిచూసి వదలాలి అన్న హద్దులు కూడా అందులోనే పెట్టుకోవచ్చు.

తెలుగు గ్రంథాలయాలకు ఇందులో ఇంకో ప్రయోజనం ఉంది. డీటీపీ కోసం వచ్చిన అను వంటి పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. ఆ బాధ పడలేక నోటీసును స్కాన్ చేసి బొమ్మగా పెట్టేస్తుంటారు. అందులో పుస్తకం పేరు కళ్లెదుటే ఉన్నా వెతుకులాటకు దొరకదు, చూపులేని పాఠకుడి ఫోన్ చదివి వినిపించలేదు. డ్రూపల్, వర్డ్‌ప్రెస్ రాతను యూనికోడ్‌లోనే దాస్తాయి. అందులో టైపు చేసిన పేరు గూగుల్‌కూ దొరుకుతుంది, స్క్రీన్ రీడర్‌కూ అందుతుంది.

కోడ్ అందరికీ కనిపిస్తే దొంగలకూ కనిపిస్తుంది కదా అన్నది గట్టి అభ్యంతరమే. 2014 అక్టోబర్ 15న డ్రూపల్ 7లో ఒక పెద్ద లోపం బయటపడింది. ప్రకటన వెలువడిన ఏడు గంటల్లోగా సరిచేయని సైట్లు దొంగల పాలైనట్టే భావించమని డ్రూపల్ భద్రతా బృందమే చెప్పింది. సాయంత్రం తాళం వేసి ఇంటికెళ్లిపోయే చిన్న గ్రంథాలయం ఏడు గంటల్లో ఏం చేయగలదు? ఒంటరిగా అయితే ఏమీ చేయలేదు. అలాగని కోడ్ దాచిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఉండవనీ కాదు; కంపెనీ చెప్పేదాకా మనకు తెలియవు, అంతే. ఈ చిక్కుకు జవాబు జట్టుకట్టడంలో ఉంది. అమెరికాలోనే ఒరెగాన్‌లో చిన్న గ్రంథాలయాల కోసం ప్లోన్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ప్లింకిట్ అనే ఉమ్మడి ఏర్పాటు చేశారు. సాంకేతిక భారం ఒకచోట ఉంటే, ఏ ఊరి సమాచారం ఆ ఊరి సిబ్బంది రాసుకున్నారు. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ దాన్ని అందుకున్నాయి. శాఖా గ్రంథాలయాలను నడిపే మన జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. ఆస్తి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సులోంచి జిల్లాకొక సాంకేతిక నిపుణుడి జీతం అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఇంత తతంగం ఎందుకు, ఫేస్‌బుక్ పేజీ చాలదా అనేవారూ ఉన్నారు. కబురు చేరవేయడానికి చాలు. కానీ మూడేళ్ల కిందటి స్థానిక చరిత్ర పుస్తకాల జాబితాను అందులో వెతికి చూడండి! పైగా ఆ పేజీ రేపు ఎలా ఉండాలో, అసలు ఉండాలో వద్దో తేల్చేది గ్రంథాలయం కాదు.

ఓపెన్ సోర్స్ తీసుకున్నా ఈ పెత్తనం చేజారే దారి ఒకటుంది: డొమైన్‌ను కాంట్రాక్టర్ తన పేరిట రిజిస్టర్ చేసుకుని, అడ్మిన్ పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకోవడం. అందుకే పని అప్పగించేటప్పుడే డొమైన్ గ్రంథాలయం పేరిట ఉండాలనీ, అడ్మిన్ ఖాతా లైబ్రేరియన్‌కు ఇవ్వాలనీ, డేటాబేస్ నకలు నెలనెలా అందజేయాలనీ ఒప్పందంలో రాయించుకోవాలి. ఆఖరి బిల్లు ఇవి చేతికొచ్చాకే చెల్లించాలి.