రాష్ట్రపతి ఎన్నికలో మన ఎమ్మెల్యే ఓటు విలువ 159

సర్పంచిని ఊరంతా ఓటేసి ఎన్నుకుంటుంది. మండలాధ్యక్షుణ్ణి మాత్రం ఎం.పి.టి.సి. సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటారు. ఢిల్లీలోనూ ఇంచుమించు ఇదే వరస. లోక్‌సభ సభ్యుణ్ణి నేరుగా ప్రజలే పంపుతారు. రాష్ట్రపతిని ప్రజలు పంపిన సభ్యులు ఎన్నుకుంటారు. అయితే అక్కడ చేతులెత్తడం లేదు, రహస్య ఓటు. పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు.

పార్లమెంటు ఉభయ సభలకు ఎన్నికైనవారు, రాష్ట్రాల శాసనసభలతో పాటు ఢిల్లీ, పుదుచ్చేరి సభలకు ఎన్నికైనవారు ఇందులో ఓటర్లు. శాసనమండలి సభ్యులకు ఓటు లేదు. నామినేటెడ్ సభ్యులకూ లేదు. ఎమ్మెల్సీ గారు ఎంత పెద్దవారైనా ఆ రోజు ఇంటి దగ్గర కూర్చోవలసిందే.

పల్లెల్లో చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉన్నది. ఈ ఎన్నికలో ఓట్లన్నీ సమానం కావు. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణలో 132. ఉత్తరప్రదేశ్‌లో 208 అయితే సిక్కింలో 7 మాత్రమే. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తే ఈ లెక్క తేలుతుంది. దేశంలోని ఎమ్మెల్యేల ఓట్ల విలువంతా కూడి, ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ వస్తుంది. 2022లో అది 700. అప్పట్లో జమ్మూ కాశ్మీర్‌కు శాసనసభ లేనందున 708 నుంచి తగ్గింది.

ఆ జనాభా ఇప్పటిది కాదు, 1971 నాటిది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోరాదని 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఆ లెక్కను నిలిపివేశారు. 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. ఇద్దరు పిల్లలతో సరిపెట్టుకొని ఆపరేషన్లు చేయించుకున్న మన పల్లెలకు ఇది చిన్న విషయం కాదు. పిల్లలు తక్కువైనందుకు ఓటు బరువు కూడా తగ్గితే ఎవరిని అడగాలి?

బ్యాలెట్ మీద ముద్ర వేయరు, 1, 2, 3 అని అంకెలు వేస్తారు. లోక్‌సభ ఎన్నికలో సగం ఓట్లు రాకపోయినా అందరికన్నా ఎక్కువ వస్తే గెలుపే. ఇక్కడ అలా కుదరదు, సగానికి మించి రావాలి. ఎవరికీ రాకపోతే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తప్పించి, ఆయన ఓట్లను రెండో అంకె ఎవరికి వేశారో వారికి కలుపుతారు.

ఈ రెండో అంకె ఎంత పని చేస్తుందో 1969లో మన జిల్లా వారికి బాగా తెలిసింది. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికార అభ్యర్థి. ప్రధాని ఇందిరాగాంధీ మాత్రం అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. మొదటి లెక్కలో వి.వి. గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవాలంటే 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. చిన్న అభ్యర్థులను, చివరకు దేశ్‌ముఖ్‌ను తప్పించి రెండో అంకెలు లెక్కించారు. వాటిలో అత్యధికం సంజీవరెడ్డికే పడ్డాయి. ఆయన 4,05,427కు ఎగబాకారు. గిరి 4,20,077తో గట్టెక్కారు. మనదేశంలో రెండో అంకెల దాకా వెళ్ళి తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే.

ఎనిమిదేళ్ళకు కథ తిరగబడింది. 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో జనతా పార్టీకి దక్కినది నంద్యాల ఒక్కటే, గెలిచినది సంజీవరెడ్డి. స్పీకరైన కొద్ది నెలలకే రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లకుండా పోయాయి. అంకె వేసే అవసరమే లేకుండా ఆయన ఏకగ్రీవంగా ఎన్నికై, జూలై 25న ప్రమాణ స్వీకారం చేశారు. ఆ తర్వాత ఇంతవరకు ఏ రాష్ట్రపతీ ఏకగ్రీవంగా ఎన్నిక కాలేదు.