పాట ఊరికే వస్తుందా?

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకుంటే బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి... ఆ తరువాత నారపల్లి. 2018లో ఈ దారి మీద ఎలివేటెడ్ కారిడార్ పనులు మొదలయ్యాక, పట్టుమని ఏడు కిలోమీటర్లు కూడా లేని ప్రయాణానికి గంటల ఓపిక కావలసివచ్చింది. అలా ఏళ్ల తరబడి బస్సుల్లో వేలాడిన ఆడవాళ్లకు చెవిలో పాట ఉంటేనే దారి సాగేది. నాచారంలో డ్యూటీ దిగి వచ్చే అమ్మాయికీ అదే తోడు, మెట్రో దిగి బస్సు కోసం ఎదురుచూసే ఉద్యోగినికీ అదే తోడు. ఆ పాట ఎక్కడిదమ్మా అని అడిగి చూడండి. "నెట్‌లో ఊరికే వస్తుంది కదండీ!" అంటారు చాలామంది.

ఊరికే వస్తుందా? ఇల్లు నడిపేవాళ్లం, లెక్కలు మనకు కొత్త కాదు. ఈ లెక్క కూడా ఒకసారి వేసి చూద్దాం.

నిజానికి మనం పాటకు ఎప్పుడూ డబ్బు ఇస్తూనే వచ్చాం. 1990ల్లో కొత్త సినిమా క్యాసెట్ కావాలంటే ముప్ఫయి రూపాయలు, అటూ ఇటూ. అది దండగనిపిస్తే ఖాళీ క్యాసెట్టూ, కాగితం మీద రాసుకున్న పాటల జాబితా పట్టుకుని రికార్డింగు షాపుకు వెళ్లేవాళ్లం. రెండు రోజుల తరువాత మనకు నచ్చిన పాటలన్నీ ఒకే క్యాసెట్‌లో చేతికి వచ్చేవి. ఎంత మురిసిపోయేవాళ్లమో! ఆ తరువాత సెల్‌ఫోన్లు వచ్చాయి. రీచార్జ్ షాపు అబ్బాయి చేతిలో మెమరీ కార్డు పెట్టి 20, 30 రూపాయలిస్తే వందల పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఘంటసాల నుంచి కొత్త సినిమా దాకా, మధ్యలో మనం అడగని అయ్యప్ప భజనలు కూడా కొసరు!

అంటే డబ్బు మన చేతినుంచి పోయింది. పాట రాసినవారికి, కట్టినవారికి, పాడినవారికి మాత్రం ఒక్క పైసా ముట్టలేదు. ఇలాంటి షాపులకు లైసెన్సులిచ్చి ఎంతో కొంత రాబట్టుకోవాలని రికార్డు కంపెనీల సంఘం ప్రయత్నించింది కూడా. కానీ సందు సందుకీ ఉన్న షాపులకు లెక్క ఎవరు చూస్తారు?

ఇంకో చిత్రం చూడండి. పాట మొత్తం ఊరికే దొరుకుతున్న ఆ రోజుల్లోనే, మనకు ఫోన్ చేసినవాళ్లకు అర నిమిషం పాట వినిపించడానికి నెలకు 30 రూపాయలు కట్టాం. కాలర్ ట్యూన్ అండీ! కొందరికైతే అడగకుండానే తగిలించి బ్యాలెన్స్ కోసేవారు. ఇలాంటి సేవలకు రెండుసార్లు సమ్మతి తీసుకోవాల్సిందేనని ట్రాయ్ 2013లో ఆదేశించాకగానీ ఆ బెడద తగ్గలేదు.

ఆరు రూపాయల పాట

"పాటలు కొందామంటే దుకాణం ఏదీ?" అనుకుంటున్నారా? ఉండేది. 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ సంస్థ 'ఫ్లైట్' పేరుతో ఇంటర్నెట్‌లో పాటల దుకాణం తెరిచింది. పాట ధర 6 రూపాయల నుంచి మొదలు. డబ్బు కట్టి దించుకుంటే పాట మనదే. దానికి తాళాలేమీ వేయలేదు కాబట్టి ఫోన్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి, కారులోకి ఎక్కడికైనా మార్చుకోవచ్చు. ఇంత బాగున్న దుకాణాన్ని 2013 జూన్‌లో మూసేశారు. చిన్న మొత్తాలు సులువుగా కట్టే దారి లేకపోవడం, పైరసీ... ఈ రెండూ తీరితే తప్ప పాటల అమ్మకం సాగదని సంస్థ చెప్పింది.

ఆ మాటలో నిజముంది. ఆరు రూపాయలు కట్టడానికి బ్యాంకు కార్డు నంబరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టి... ఎవరికంత తీరిక? పైగా చాలా ఇళ్లలో కార్డంటూ ఉంటే అది ఆయన జేబులోనే. పాట కోసం కార్డు అడిగితే "దానికి డబ్బు కట్టేదేమిటి, పిల్లాణ్ణి అడిగితే దించి ఇవ్వడూ?" అనే జవాబు సిద్ధం.

2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు నారపల్లి రోడ్డు పక్కన కొత్తిమీర కట్టకు పది రూపాయలు ఫోన్‌లోనే కడుతున్నాం. ఆరు రూపాయలు కట్టడం ఇంత సులువయ్యేసరికి ఆరు రూపాయల దుకాణం లేదు! ఆపిల్ వారి ఐట్యూన్స్ స్టోర్ 2012 డిసెంబరులో మన దేశానికి వచ్చింది కానీ, ఆ కంపెనీ ఫోన్ కొనే స్తోమత ఎంతమందికి?

ఇప్పుడు నడుస్తున్నది నెల చందా పద్ధతి. నెలకు వందో, రెండొందలో కడితే కోట్ల పాటలు. వినడానికి హాయిగానే ఉంది. కానీ ఇది కొనుక్కోవడం కాదు, అద్దెకు ఉండటం. ఆ యాప్‌లో 'డౌన్‌లోడ్' నొక్కి దాచుకున్న పాట కూడా చందా ఆగిన కొద్ది రోజులకు మూగబోతుంది. అసలు ఇల్లుగలాయనే ఇల్లు ఎత్తేస్తే? గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో, వింక్ 2024లో మూతపడ్డాయి. గానా 2022లో ఉచితంగా వినిపించడం ఆపేసింది. ఏళ్ల తరబడి ఏర్చి కూర్చిన జాబితాలు ఎందరివి గల్లంతయ్యాయో! పైరసీ తప్పని మనకు చెప్పే కంపెనీలు, పది రూపాయలకు ఒక తెలుగు పాట కొని కలకాలం ఉంచుకునే సౌకర్యం మామూలు ఫోన్ ఉన్న ఇల్లాలికి ఎందుకు కల్పించవు? ఈ మాట అడగాల్సిందే.

రాసినవారి ఇంటికి ఏం చేరుతుంది?

ఇక్కడే మనం ముఖ్యంగా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఒకప్పుడు సినిమా పాట రాసినవారికి నిర్మాత ఇచ్చిన పారితోషికంతోనే సరి. ఆ పాట ముప్ఫయ్యేళ్లు మోగినా ఆయనకు ఒరిగేది లేదు. కవి, అప్పటి రాజ్యసభ సభ్యుడు జావేద్ అఖ్తర్ లాంటివారు దీని మీద గట్టిగా పోరాడారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం కాకుండా, ఇంకెక్కడ పాట వాడుకున్నా వచ్చే రాయల్టీలో రచయితకు, సంగీత దర్శకుడికి సమాన వాటా ఉండాలి. "నాకొద్దు" అని రాసి ఇచ్చినా చెల్లదు! ఆ హక్కు వారసులకో, రాయల్టీ వసూలుచేసే సంఘానికో తప్ప మరొకరికి ఇవ్వడానికి వీల్లేదు. 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్ ఈ వసూళ్లు చేసి సభ్యులకు పంచుతుంది. గాయకుల కోసం 2013లో 'ఇస్రా' ఏర్పడింది. ఇస్రో కాదు సుమా!

వారసులు అన్నారు చూశారా, ఆ మాట మన ఆడవాళ్లకు సంబంధించింది. రచయిత కన్నుమూశాక ఇంకా 60 ఏళ్ల పాటు ఆయన సాహిత్యంపై హక్కు ఉంటుంది. ఆయన వెళ్లిపోయాక ఇల్లు ఈదే భార్యకు, పిల్లలకు పెన్షన్ లేని చోట ఆ రాయల్టీయే కొంత ఆసరా. పాట లెక్కకెక్కే చోట మనం వింటేనే ఆ వాటా పుడుతుంది. ఎవరిదో తెలియని సైట్‌లో దించుకున్న పాట ఏ లెక్కలోకీ రాదు.

"పాత పాటలకు హక్కులేముంటాయి?" అని కొందరి ధీమా. మాయాబజార్ వచ్చింది 1957లో. ఆ రికార్డింగుకు 60 ఏళ్ల గడువు 2017తో తీరిపోయింది, నిజమే. కానీ ఆ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. అంటే సాహిత్యంపై హక్కు 2031 చివరి దాకా ఉన్నట్టే.

చట్టమైతే కఠినంగానే ఉంది. తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం చేయనప్పుడు కోర్టు శిక్ష తగ్గించవచ్చు. అయితే మనకు పోలీసుల కన్నా దగ్గరి ప్రమాదం వేరే ఉంది. ఊరికే పాటలిచ్చే సైట్లు తెరవగానే నాలుగైదు 'డౌన్‌లోడ్' బొమ్మలు మిలమిలలాడతాయి. అందులో పాట ఒకదానికింద ఉంటే, తక్కిన వాటికింద ఏముంటుందో దేవుడికెరుక. పిల్లలు చూడకూడని ప్రకటనలు, పాట బదులు ఫోన్‌లో దూరే యాప్‌లు... గ్యాస్ డబ్బు నుంచి చిట్టీ వాయిదా దాకా అన్నీ ఆ ఫోన్‌లోనే కడుతున్నాం కదా! పాటకని నొక్కితే ఏ యాప్ అయినా "ఇన్‌స్టాల్ చేయమంటారా" అని అడిగితే వెంటనే బయటికి వచ్చేయండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు అనుమానమొస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మరి చేతిలో డబ్బు లేకపోతే పాట మానుకోవాలా? అక్కర్లేదు. ఆకాశవాణి ఉండనే ఉంది. యూట్యూబ్‌లో ఆదిత్య మ్యూజిక్, లహరి, సరిగమ లాంటి సంస్థల సొంత ఛానళ్లలో వింటే, మధ్యలో వచ్చే సబ్బుల ప్రకటన వాళ్లే మన బదులు డబ్బు కడతారు. ఎవరో ఎక్కించిన కాపీ కాకుండా సంస్థ సొంత ఛానల్ పేరు చూసి నొక్కితే చాలు. చందా కట్టే ఉద్దేశముంటే ఇంట్లో నలుగురికీ కలిపి ఉండే కుటుంబ చందా తలా ఒకటి తీసుకోవడం కన్నా చవక. అందులో మీ ఫోన్ కూడా ఉందో లేదో చూసుకోండి. చాలా ఇళ్లలో పిల్లల ఫోన్లు, ఆయన ఫోన్ అయ్యాక అమ్మ ఫోన్ దగ్గరకొచ్చేసరికి "నీకెందుకమ్మా, రేడియో ఉందిగా" అంటారు.

మొదటి నెల ఉచితమని చేర్పించుకుని, ఆ తరువాత నెలనెలా డబ్బు కోసుకునే 'ఆటోపే'ను కూడా ఓ కంట కనిపెట్టాలి. మీరు డబ్బులు పంపే యాప్‌లోనే ఆటోపే అనే చోట ఆ జాబితా ఉంటుంది. వద్దనుకున్నది అక్కడే ఆపేయవచ్చు. కొందరు తల్లులు పరీక్షల నెలల్లో చందా ఆపేసి, వేసవి సెలవుల్లో మళ్లీ తీసుకుంటున్నారు.