కారులో వేడిగాలి వచ్చుటకు కారణమేమి?

మిట్టమధ్యాహ్నపు టెండలో నిలిపిన కారు తలుపు తీసినచో లోపలినుండి సెగ మొగమునకు కొట్టును. అద్దములగుండ వెలుతురు లోనికి పోవును గాని, దానివలన వేడెక్కిన సీట్లు, లోహపు భాగములు వెలువరించు ఉష్ణము అంత సులభముగా బయటికి పోజాలదు. బయట 42 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్న దినమున లోపల 60 డిగ్రీలు దాటుట వింత కాదు. అట్టి కారులో ఏసీ మీట నొక్కినప్పుడు చల్లగాలికి బదులు వేడిగాలియే వీచినచో, మొట్టమొదట వినవచ్చు మాట “గ్యాసు అయిపోయినది” అనునది. గ్యాసు పోయించుట, కొన్ని వారములు సుఖపడుట, మరల వేడిగాలి వచ్చుట - ఇది చాలమంది యజమానులకు ఏటేటి తంతు. కాని గ్యాసు పెట్రోలువలె ఖర్చగు పదార్థము కాదు. మూసియున్న గొట్టములలో అదియే మరల మరల తిరుగుచుండును. రబ్బరు గొట్టములగుండ ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా జారుట సహజమే. కొన్ని వారములలో తగ్గినదనగా ఎక్కడనో కారుచున్నదని అర్థము.

కుండలోని నీరు ఎట్లు చల్లబడునో విద్యార్థు లెరుగుదురు. కుండ గోడలనుండి ఊరిన నీరు ఆవిరియగుటకు కావలసిన గుప్తోష్ణమును కుండనుండియే గైకొనును. కారులో జరుగు పనియు నిదియే. నీటికి బదులు అందు ఆర్-134ఎ అను పదార్థము వాడుక. సాధారణ వాయుపీడనమున ఇది సున్నకు దిగువ 26 డిగ్రీలవద్దనే మరుగును. కుండ తన ఆవిరిని గాలికి వదలివేయును. కారు అట్లు వదలరాదు, ఆ ఆవిరిని మరల ద్రవముగా మార్చుకొనవలయును. ఇంజను బెల్టుతో తిరుగు కంప్రెసరు ఆ ఆవిరిని పీల్చి గట్టిగా నొక్కును. పీడనముతోపాటు ఉష్ణోగ్రతయు పెరిగిన ఆ వాయువు, రేడియేటరు ముందున్న కండెన్సరులో బయటిగాలికి తన వేడినిచ్చి ద్రవమగును. పిమ్మట సన్నని ద్వారముగల వాల్వును దాటగానే పీడనము పడిపోయి, డాష్‌బోర్డు వెనుకనున్న గొట్టపుచుట్టలో మరుగుచు, దానిపై వీచు గాలిని చల్లబరచును. ఆ చల్లని గొట్టములపై గాలిలోని తేమ చెమర్చి క్రిందికి కారును. కారు క్రింద నీటిబొట్లు చూచి కంగారుపడువారు కలరు. నిజమునకు అది యంత్రము పనిచేయుచున్నదనుటకు గుర్తు.

ప్యాకార్డు కంపెనీ 1940 మోడలు కార్లలో ఇట్టి యంత్రమును మొదటిసారిగా అమర్చినది. ఆనాటి కంప్రెసరుకు క్లచ్చి లేదు. యంత్రము వద్దనుకొన్నచో ఇంజను ఆపి బెల్టు ఊడదీయవలసి వచ్చెడిది! నేటి కార్లలో చాలవాటికి విద్యుదయస్కాంతపు క్లచ్చి ఉన్నది. పరీక్ష అచ్చటనే ఆరంభించుట మేలు. మీట నొక్కగానే ముందుభాగమున ‘టక్కు’మని చప్పుడై కప్పీ మధ్యనున్న పళ్లెము తిరుగవలయును. తిరుగనిచో ఫ్యూజు, రిలే, తీగలు చూడవలయును. గ్యాసు మరీ తగ్గినప్పుడు కంప్రెసరు చెడిపోకుండ ఒక పీడనస్విచ్చి కూడ క్లచ్చిని ఆపివేయును.

కారు పరుగెత్తునప్పుడు చల్లగాను, ఆగినప్పుడు వేడిగాను గాలి వచ్చినచో కండెన్సరు ఫ్యాను తిరుగుట లేదేమో చూడవలయును. దుమ్ము పట్టినను ఇట్లే జరుగును. కొంతసేపు చల్లగా వీచి, పిమ్మట వేడియై, కొంత విరామమిచ్చినచో మరల చల్లబడినయెడల గొట్టములలో తేమ చేరి, వాల్వువద్ద మంచై అడ్డుకొనుచున్నదని అనుమానింపవచ్చును. గొట్టములు చల్లగా నుండియు గాలి మాత్రము వేడిగా వచ్చినచో హీటరుగాలిని అడ్డగించు తలుపు మూసికొనలేదన్నమాట. అప్పుడు గ్యాసు ఎంత పోసినను ఫలము శూన్యము.

మరి గ్యాసు తగ్గినదో లేదో తెలియుట యెట్లు? ఇంజను ఆపియుండగా మీటరు తగిలించి “పీడనము బాగుగనే యున్నది” అనుట పొరపాటు. 30 డిగ్రీలవద్ద ఆర్-134ఎ సంతృప్త బాష్పపీడనము వాయుమండల పీడనమునకు సుమారు 7.6 రెట్లు. గొట్టములలో 500 గ్రాములున్నను, 250 గ్రాములున్నను, ద్రవము కొంచెమైన మిగిలియున్నంతవరకు మీటరు ఆ అంకెనే చూపును. వంటగ్యాసు సిలిండరు విషయము ఇట్టిదే: ద్రవము మిగిలియున్నంతవరకు మంట చాలవరకు ఒకే తీరున నుండును, కావుననే గృహిణులు సిలిండరు నెత్తి చూచి బరువునుబట్టి అంచనా వేయుదురు. కారులోని గ్యాసునుకూడ యంత్రముతో బయటికి తీసి తూచి, బానెట్టు క్రింద చీటిపై వ్రాసిన బరువుతో పోల్చుటయే నమ్మదగిన మార్గము. ఇంజను నడుచుచుండగా రెండువైపుల పీడనములను చూచుట వేరు. రెండును తగ్గియున్నచో గ్యాసు కొరత. రెండును హెచ్చియున్నచో కండెన్సరు వేడిని విడువకుండుటయో, గ్యాసు మితిమీరుటయో కావచ్చును. పీల్చువైపు హెచ్చి, నెట్టువైపు తగ్గినచో కంప్రెసరు బలహీనపడినట్లు. ఎక్కువ పోసినచో ఎక్కువ చల్లదనము వచ్చునను భ్రమ మెకానిక్కులలో సైతము కలదు. కండెన్సరు ద్రవముతో నిండిపోయి వేడిని విడువవలసిన చోటు తగ్గును గాన ఫలితము తారుమారగును.

కారుచోటు కనుగొనుట ఓపికతో కూడిన పని. గ్యాసుతోపాటు కంప్రెసరు నూనెయు తిరుగును గనుక, జిడ్డు మరక కనబడిన అతుకును మొదట అనుమానింపవలయును. ఖాళీచేసిన గొట్టములలో నైట్రజను నింపి సబ్బునురుగు రాసినచో బుడగలు చోటు చూపును. ఆ అతుకు బాగుచేసిన పిమ్మట వాక్యూము పంపుతో అరగంటకు తక్కువ కాకుండ గాలిని తోడివేయవలయును. గాలి పోవుటయొక్కటే దీని ప్రయోజనము కాదు. 30 డిగ్రీలవద్ద నీరు, పీడనము 32 మిల్లీమీటర్ల పాదరసమునకు తగ్గగానే మరుగును. కాబట్టి లోపల దాగిన తేమ ఆవిరియై వెడలిపోవును. పంపు ఆపినతరువాత ముల్లు కదలకుండ నిలిచినచో గ్యాసు తూచి పోయవచ్చును. చేతితొడుగులు, కంటి అద్దములు లేక ఈ పనికి దిగరాదు: ద్రవము చర్మముపై పడినచో మంచువలె గడ్డకట్టి గాయపరచును.

తీసిన గ్యాసును గాలిలోనికి వదలుట కొన్ని షెడ్లలో అలవాటు. పూర్వము వాడిన ఆర్-12 ఓజోనుపొరకు చేటు తెచ్చుటచే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము దానికి అడ్డుకట్ట వేసినది. ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు గాని, వంద సంవత్సరముల లెక్కలో ఉష్ణమును బంధించుటయందు బొగ్గుపులుసు వాయువునకు సుమారు 1,430 రెట్లు మించినది. అరకిలో వదలినచో 300 లీటర్లకు పైగా పెట్రోలు కాల్చినంత పని యగును.