తొడ మాంసం తినే దొరలు



కప్పం అనగానే మనకు మేడారం గుర్తొస్తుంది. కాకతీయ రాజుకు పగిడిద్దరాజు కప్పం కట్టలేదని కోయల మీదికి సైన్యం వచ్చిందని కథ. అక్కడ అడిగినవాడు బయటి రాజు. మరి ఒకే తెగలో ఒక వంశం ఇంకో వంశానికి కప్పం కడితే? మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదలు. ఇలాంటి సంగతులకూ ఒక శాస్త్రం ఉందని పీజీకి వచ్చాకే తెలిసింది.

బర్మా (నేటి మయన్మార్) ఉత్తర కొండల్లో కచిన్ ప్రజలున్నారు. ఎడ్మండ్ లీచ్ అనే బ్రిటిష్ పండితుడు 1939లో అక్కడి ఒక గ్రామంలో ఉండి పరిశోధన చేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన నోట్సు పోయింది. జ్ఞాపకం మీద మళ్ళీ రాసుకుని 1954లో పుస్తకం తెచ్చాడు. (పరీక్ష ముందు నోట్సు పోయిందని ఏడ్చే మిత్రులు గమనించాలి!)

దొరల పాలన ఉన్న పద్ధతిని అక్కడ గుమ్సా అనేవారు. ఆ దొరకు 'తొడ మాంసం తినే దొర' అని పేరు. దొర వంశం కానివాళ్ళు బలిలోగానీ వేటలోగానీ నాలుగు కాళ్ళ జంతువును చంపితే వెనకకాలు ఒకటి ఆయనకు పంపాలి. ఆయన పొలంలో ఊరకే పనిచేయాలి. దొర వంశం వాళ్ళు మాత్రం తొడ ఇవ్వనక్కరలేదు. అంటే తొడ ఎవరింటి నుంచి ఎవరింటికి పోతుందో చూస్తే ఎవరు కిందో ఊరంతటికీ తెలిసిపోతుంది. మాంసం ఎంతన్నది లెక్కలోకి రాదు. జాతరలో పొట్టేలు తలకాయ ఎవరికి దక్కాలని జరిగే తగాదాలు చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పాలా? అలాగని దొర అంతా దాచుకుంటే కుదరదు. విందులు పెట్టాలి, లేకపోతే పేరు పోతుంది.

అసలు ముడి పెళ్ళిళ్ళలో ఉంది. మనలాగే వాళ్ళలోనూ మేనమామ కూతురిని చేసుకోవడం ఉంది. కానీ కుండమార్పిడి పనికిరాదు. పిల్లను తెచ్చుకున్న వంశానికి తిరిగి పిల్లను ఇవ్వకూడదు. పిల్లనిచ్చిన వంశం 'మయు', అది పైన. తెచ్చుకున్న వంశం 'దామా', అది కింద. మన దగ్గర పెళ్ళికొడుకు వైపుదే పైచేయి కదా, అక్కడ తలకిందులు! అల్లుడి వంశం ఓలిగా పశువులు ఇవ్వాలి, ఆ బాకీ ఒక పట్టాన తీరదు. దొర తన వంశం పిల్లలను కింది వంశాలకిచ్చి వాళ్ళను అల్లుళ్ళను చేసుకునేవాడు. అప్పుడు వాళ్ళిచ్చే కప్పం మామగారికి చేసే మర్యాదలా కనిపిస్తుంది.

దొర ఆశ పెరిగి అల్లుళ్ళను పాలేర్లలా చూసినప్పుడు తిరుగుబాటు వచ్చేది. దొర లేని, వంశాలన్నీ సమానమనే పద్ధతిని గుమ్లావ్ అనేవారు. అక్కడ వెనకకాలు పంపడం ఆగిపోయేది. అయితే గుమ్లావ్ ఊళ్ళు చాలాసార్లు మళ్ళీ గుమ్సాకే మళ్ళేవని లీచ్ రాశాడు. ఈ మాటను తర్వాతి పండితులు కొందరు ఒప్పుకోలేదు. నాకు మాత్రం అందులో కారణం కనిపిస్తుంది. కప్పం పోయింది గానీ పెళ్ళి నియమం పోలేదు. దొరకు తొడ పంపమని ఎదురుతిరిగిన ఇంటివాళ్ళే ఓలి బాకీ కోసం మామ ఇంటి ముందు మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది.